ఆ రేకు బోర్డు 1955ది కాదు, డబ్బులు పంపకు అన్నా

అన్నా, న్యూజెర్సీ గరాజ్ సేల్‌లో చూశానన్నావే మెక్‌డొనాల్డ్స్ రేకు బోర్డు, పైన స్పీడీ బొమ్మ కింద పెద్ద పసుపు ఎమ్, అమ్మేవాడేమో 1955 ఒరిజినల్ అంటున్నాడని, దాని ఫోటో చూశా. నా లెక్కలో కాదు.

స్పీడీ అంటే ఆ హాంబర్గర్ తలకాయున్న వంటవాడి బొమ్మ, 1948లో శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు షాపు పద్ధతి మొత్తం మార్చి 15 సెంట్లకి బర్గర్ అమ్మినప్పటి వాడు, 1962 ప్రాంతంలో వాడిని పక్కన పెట్టేశారు. నీ బోర్డు మీదున్న ఎమ్, మధ్యలో గీత లేకుండా రెండు వంపులు (ఆర్చ్‌లు) కలిసిపోయి వాటి మీదుగా పేరు రాసుంది చూడు, అది 1968 తర్వాతది. రెండూ ఒకే బోర్డు మీద ఉన్నాయంటే తర్వాతెప్పుడో పాతకాలం లుక్ కోసం కొట్టిందే. అదీగాక మేకు రంధ్రాల చుట్టూ చుక్క తుప్పు కూడా లేదు, డెబ్బై ఏళ్ల రేకు అంత తళతళలాడదు కదా. గోడకి పెట్టుకోడానికైతే పది ఇరవై డాలర్లిచ్చి తీసుకో, తప్పులేదు.

ఇక మెక్‌డొనాల్డ్స్ వాళ్ళదే ఆ గార్ఫీల్డ్ పిల్లి బొమ్మ గ్లాస్ మగ్గు మీద 1978 అని ఉంది కాబట్టి అప్పటిదే అనుకున్నావు, అది ఆ పిల్లి కామిక్ కాపీరైట్ సంవత్సరం, మగ్గులు వచ్చింది 1987లో. కుప్పలుగా దొరుకుతాయి, నేను కూడా ఇలాగే మోసపోయాలే. అందులో కాఫీ మాత్రం తాగకు, పాత పెయింట్‌లో సీసం లాంటివి ఉండొచ్చు, అల్మారాలో పెట్టుకో.