గిరిజన పెద్దలు నోటితో చెప్పే చరిత్రను కాపాడేవాళ్లకు మనం ఎలా సాయపడగలం?

మా తిరుపతి జిల్లా యానాదుల సంగతే చెబుతాను, నేను దగ్గరగా చూసింది అదే. సూళ్లూరుపేట దగ్గర బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. నా దగ్గర చదివిన యానాది అమ్మాయి ఒకతె ఇప్పుడు డిగ్రీలో ఉంది. వాళ్ల అవ్వ మాటలు రికార్డు చేస్తానంటే నేనూ వెంట వెళ్లాను.

రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట ఖాళీ చేయించినప్పుడు ఇటు వచ్చిన కుటుంబం వాళ్లది. అవ్వ ఇంటి ముందు కూర్చుని రొయ్యలు వలుస్తోంది. నేను ఫోను ఆమె ముందు పెట్టి, "శ్రీహరికోట వదిలి ఏ సంవత్సరం వచ్చారమ్మా?" అన్నాను. "నాకేం తెలుసు సామీ, సదువుకున్నోళ్లు మీకే తెలియాల" అని తల వంచేసుకుంది. ఆ అమ్మాయి అవ్వను అడిగి ఫోను గంప పక్కకు జరిపింది. తనూ నాలుగు రొయ్యలు తీసుకుని వలుస్తూ, "అవ్వా, అప్పటికి పెదమామ పుట్టినాడా?" అంది.

"సంకనేసుకోనే వస్తి. అప్పుడప్పుడే అడుగులేస్తా ఉండాడు."

ఇక గంటన్నర ఆగలేదు. మంచినీళ్ల గుంటలు, తేనె తీసిన చెట్లు, అత్తను పూడ్చిన చోటు, అన్నీ పేర్లతో సహా. రాకెట్టు మొదటిసారి లేచిందని విన్ననాటికి పిల్లాడికి మాటలొచ్చాయట. అది 1971 అక్టోబరు 9. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి ఆ అమ్మాయే ఏడాది పట్టుకుంది.

ఆ ప్రశ్న నాకు చచ్చినా తట్టదు. అందుకే అంటాను, బయటి పరిశోధకులకు పెట్టే ఖర్చులో సగమైనా ఆ ఇంటి పిల్లలకు పెట్టండి. కూర్చున్న పూట అవ్వకు కూలి పోతుంది, అది ఆమె చేతికే ఇవ్వండి. ఇదివరకు ఒకాయన మూడు రోజులు రికార్డు చేసుకుపోయాడు, కాపీ కూడా ఇవ్వలేదు. పైగా అచ్చులో "ఉండాడు" అన్నచోటల్లా "ఉన్నాడు" అని దిద్దాడు! తిరుమల గోడల మీద చెక్కింది చరిత్ర అంటారు, అవ్వ చెబితే జానపదం అంటారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు పక్క కాలనీల పిల్లలు ముగ్గురు కూడా చేరారు. నెలకోసారి మా ఇంట్లో కూర్చుని ఒకరి రికార్డింగు ఒకరు వింటారు. "ఈ గుంట పేరు మా తాత కూడా చెప్పినాడు సార్" అని ఒకడు లేచి నిలబడ్డాడు. రాసిందంతా తీసుకెళ్లి పెద్దవాళ్లకు చదివి వినిపిస్తారు. పోయినసారి అవ్వ మధ్యలో ఆపి, "అది పెద్దగుంట కాదే, దాని పక్కది" అంది. ఆ అమ్మాయి అక్కడే కొట్టేసి మళ్లీ రాసుకుంది.