పాఠకుల ప్రశ్నలు: బస్సు రాకపోతే ఎవరిని అడగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బస్సుల గురించే ఉన్నాయి. రాజమహేంద్రవరం నుంచి, కడియం నుంచి, నది అవతల కోనసీమ నుంచి కూడా. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి వీటినీ, కోనసీమ రైలు మీద వచ్చిన ఒక ప్రశ్ననీ తీసుకున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మాది కడియం దగ్గర పల్లెటూరండీ. రాజానగరంలో చదువుతున్నాను. ఒక ఆటోలో మోరంపూడి వచ్చి అక్కడ ఇంకో ఆటో మారాలి. సాయంత్రం చీకటి పడిందంటే అడిగినంత ఇవ్వాల్సిందే. ఇంటికి చేరేదాకా అమ్మకి టెన్షన్. ఇంత పెద్ద ఊరికి సిటీ బస్సులు ఎందుకు సరిగ్గా లేవు? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: అమ్మాయీ, ఈ ప్రశ్న ఎవరిని అడిగినా మామూలుగా వచ్చే సమాధానం ఒక్కటే, జనం ఎక్కడం లేదు, ఓ.ఆర్. రావడం లేదు అని. ఓ.ఆర్. అంటే బస్సులో సీట్లు ఎంతవరకు నిండాయన్న లెక్క. అది అబద్ధం కాదు గానీ, ఎందుకు ఎక్కడం లేదో కూడా చెప్పాలి కదా. ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం దేవీచౌక్‌లో ఎవరు నిలబడతారు? కళ్లముందు షేర్ ఆటో ఆగితే ఎక్కేస్తారు. బస్సు ఖాళీగా తిరుగుతుంది, కిలోమీటరుకి రావలసిన డబ్బు రాదు, ట్రిప్పులు తగ్గిస్తారు, తగ్గించాక ఆ కాస్త ఎదురుచూసేవాళ్లు కూడా మానేస్తారు. చివరికి ఆ సర్వీసే ఉండదు.

దీన్ని ఎక్కడో ఒకచోట ఆపాలంటే మొదట్లో నష్టం వచ్చినా సరే, నాలుగైదు ముఖ్యమైన రూట్లలో టైముకి, తరచుగా బస్సు తిప్పాలి. గోకవరం బస్టాండ్ నుంచి లాలాచెరువు మీదుగా రాజానగరం, కోటిపల్లి బస్టాండ్ నుంచి ధవళేశ్వరం, మోరంపూడి మీదుగా కడియం. ఇవి నేను కొత్తగా కనిపెట్టిన రూట్లు కావు, ఆటోలు రోజంతా నిండుగా తిరిగే దారులే. జనం లేరని ఎలా అంటాం?

మరి ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అంటే, మన చిక్కంతా అక్కడే ఉంది. బస్సు ఆర్టీసీది. ఆటోకి పర్మిట్ ఇచ్చేది రవాణా శాఖ, రోడ్డు మీద అది ఎక్కడ ఆగాలో చూసేది ట్రాఫిక్ పోలీసులు. బస్టాపు కార్పొరేషన్‌ది. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి, అందులో బస్టాపులు, పార్కింగ్ స్థలాలు ఉన్నాయి గానీ బస్సులు నడపడం లేదు. కాబట్టి ఒక్క రూటు బాగుపడాలన్నా వీళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లు ఊరికి కావాలి. ఆ పని మేయరు, కార్పొరేటర్లు చేయించాలి.

వాళ్లేరీ? రాజమహేంద్రవరం కార్పొరేషన్‌కి చివరిగా ఎన్నికలు జరిగింది 2014లో. ఆ పాలకవర్గం గడువు 2019లో తీరిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలాచోట్ల ఎన్నికలు జరిగినా, చుట్టుపక్కల గ్రామాల విలీనం మీద వివాదాలు, కోర్టు కేసులతో ఇక్కడ జరగలేదు. కాకినాడలో 2017లో గెలిచినవాళ్ల గడువు కూడా 2022లో అయిపోయింది. గడువు ఐదేళ్లేననీ, అది తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలనీ రాజ్యాంగం 243యు అధికరణం చెబుతోంది, అయినా ఏళ్లకేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉండిపోయాం. ఆ అధికారి ఎంత మంచివారైనా కావచ్చు, ఎంత కష్టపడేవారైనా కావచ్చు. కానీ ఆయన మీ వీధికి వచ్చి ఓటు అడగక్కర్లేదు, రేపు బదిలీ అయితే వెళ్లిపోతారు. నాకు కోపం వచ్చేది ఇందుకే. ఈ మధ్యలో ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ తొందరపడలేదు. మనమూ గట్టిగా అడగలేదు.

ఇంకో సంగతి. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల కోసం కేంద్రం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ పథకాన్ని ఆమోదించింది, దేశం మొత్తానికి 10,000 ఎలక్ట్రిక్ బస్సులు. మన రాష్ట్రంలో ఈ బస్సులు కేటాయించిన నగరాల్లో రాజమహేంద్రవరం, కాకినాడ రెండూ ఉన్నాయి. ఇందులో బస్సులు ప్రైవేటు ఆపరేటర్‌వి, తిప్పిన కిలోమీటర్ల లెక్కన ఆయనకి చెల్లిస్తారు. ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా ఆ డబ్బు ఇవ్వాలి. అందుకే బస్సులు రాకముందే ఏ రూట్లో తిప్పుతారో ఊరి ముందు పెట్టి, మీలాంటి వాళ్ల మాట వినాలి.

ప్రశ్న: ఉచిత బస్సు పెట్టిన దగ్గర్నుంచీ టికెట్ కొన్న మగాళ్లకి సీటు దొరకడం లేదు. ఈ పథకం వల్లే ఆర్టీసీ పాడైపోతోందని మా వీధిలో అందరూ అంటున్నారు. మీరేమంటారు? (రిటైర్డ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జవాబు: అయ్యా, మీ ఇబ్బంది నిజమే, మీ వయసులో నిలబడి ప్రయాణం చేయడం కష్టం. కానీ కారణం ఆడవాళ్లు మాత్రం కాదండి. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం ఇచ్చే ఈ స్త్రీ శక్తి పథకం మొదలైంది 2025 ఆగస్టు 15న. బస్సుల కొరత అంతకుముందు నుంచీ ఉంది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తిరగకూడదని కేంద్రం పెట్టిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అది ఆర్టీసీ బస్సులకీ వర్తిస్తుంది. పాతవి తీసేసినంత వేగంగా కొత్తవి రాకపోతే ఉన్న బస్సులోనే అందరూ ఇరుక్కోవాలి.

కడియం నర్సరీల్లో కూలికి వెళ్లే ఆవిడకి రోజూ ఆటో ఖర్చు మిగలడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. జీరో టికెట్ తీసుకుని ఎక్కిన ఆవిడ మీద, తలుపు దగ్గర జనాన్ని సర్దుతున్న కండక్టర్ మీద అరిచి ఏం లాభం? పథకం పెట్టినప్పుడే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సర్వీసులు ఎన్ని పెంచుతారో కూడా చెప్పి ఉండాల్సింది. మీరు అడగాల్సింది ఆ లెక్క.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. ఫైనాన్స్ కిస్తీ కట్టాలి. సిటీ బస్సులు వేయమని మీరంతా రాస్తుంటారు, మేమేమైపోవాలి? (కంబాలచెరువు)

జవాబు: మీ భయం అర్థమైంది తమ్ముడూ. ఇన్నేళ్లూ ఈ ఊరిని నడిపింది మీరే, రాత్రి పూట ఆసుపత్రికి తీసుకెళ్లింది మీరే. ప్రభుత్వం డ్రైవర్లకి 15,000 రూపాయలు ఇచ్చింది, మంచిదే, కానీ దాంతో ఏడాది కిస్తీలు తీరవని నాకూ తెలుసు. నేను అడిగేది మెయిన్ రోడ్డు మీద బస్సు. జాంపేట సందుల్లోకి, కాలవ గట్ల మీద ఊళ్లలోకి బస్సు రాలేదు, అక్కడ మీరు లేకపోతే జనానికి గడవదు. బస్సు దిగినవాళ్లని ఇంటిదాకా చేర్చే రూట్లు, వాటికి సరైన స్టాండ్లు మీ యూనియన్ అడగాలి. రూట్ల మీద మీటింగ్ అంటూ జరిగితే మీవాళ్లు కూడా అందులో ఉండాల్సిందే.

ప్రశ్న: మా కోనసీమకి రైలు మా పిల్లల తరానికైనా వస్తుందా? (అమలాపురం)

జవాబు: కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు నడిచింది, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకేశారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారు పట్టుబట్టడంతో మళ్లీ కదలిక వచ్చింది. ఆ లైను 2004లో తిరిగి మొదలయ్యేనాటికి ఆయన లేరు, 2002లో ప్రమాదంలో పోయారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్లకి 2000-01లోనే మంజూరు వచ్చింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాలి, భూసేకరణ జరగాలి, రాష్ట్రం నాలుగో వంతు ఖర్చు భరించాలి. ఆ వాటా దగ్గరా, భూముల దగ్గరా పని పదేపదే ఆగింది. తేదీ చెప్పి మీకు ఆశ పెట్టలేను. ప్రతి బడ్జెట్ తర్వాతా ఈ లైనుకి కేంద్రం ఎంత ఇచ్చింది, రాష్ట్రం తన వాటా ఎంత కట్టింది అని మీ ఎంపీని, ఎమ్మెల్యేని విడివిడిగా అడగండి. ఇద్దరినీ కలిపి అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

ప్రశ్న: మా బస్టాపులో నీడ లేదు, బస్సు టైముకి రాదు. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? (ధవళేశ్వరం గృహిణి)

జవాబు: రెండూ రెండు అర్జీలుగా రాయండమ్మా. నీడ కావాలన్న అర్జీ, మీ బస్టాపు కార్పొరేషన్‌ పరిధిలో ఉంటే కమిషనర్‌ పేరున, పంచాయతీ పరిధిలో ఉంటే పంచాయతీ పేరున, బస్సు టైము సంగతి డిపో మేనేజర్ పేరున. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రెండూ ఇవ్వొచ్చు, వెళ్లలేకపోతే 1100కి ఫోన్ చేయొచ్చు. రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. "బస్సు సరిగ్గా రావడం లేదు" అని రాస్తే "చర్యలు తీసుకున్నాం" అని రాసి మూసేస్తారు. ఏ రూటు, ఏ తేదీ, ఎన్ని గంటల బస్సు రాలేదో రాయండి. అప్పటికీ కదలకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ రూట్లో కిందటి నెల షెడ్యూల్ ప్రకారం తిరగాల్సిన ట్రిప్పులెన్ని, తిరిగినవెన్ని, ఈ రెండే అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. వచ్చాక జిరాక్స్ తీయించి మాకు పంపండి, ఇక్కడే వేస్తాను.