టెక్ సందేహాలు: పక్క టెంటువాళ్ల ఫోన్‌లో మీ బ్యాటరీ

ప్రశ్న (డెన్వర్ నుంచి): మా పికప్ ట్రక్కు మీదికి ఖాళీ పాప్-అప్ క్యాంపర్ షెల్ (కప్పు పైకి లేపి లోపల పడుకునే గది) కొన్నాం. మంచం, అల్మరాలు, ఫ్రిజ్, వైరింగ్ అన్నీ నేనే చేసుకోవాలి. త్రీడీ మోడల్ గీశాను. లైట్లు, ఫ్యాన్, నీళ్ల పంపు, హీటర్ అన్నీ ఒకే టచ్ స్క్రీన్ మీద, ఫోన్‌లోంచి కూడా నడవాలి. ఎలాంటి స్మార్ట్ సిస్టమ్ తీసుకోమంటారు?

ఈ వేసవిలో ఇదే ఉత్తరం డాలస్ నుంచి, సియాటిల్ నుంచి కూడా వచ్చింది. రాసేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్లే. అందరూ స్క్రీన్ దగ్గరే మొదలుపెడుతున్నారు. ట్రక్కుకి డ్రైవర్ వైపు తలుపు తీస్తే ఫ్రేము మీద కనిపించే స్టిక్కర్‌లో ఎంత బరువు రాసి ఉందో మాత్రం ఒక్కరూ రాయడం లేదు. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని అందులో ఉంటుంది. డ్రైవర్ బరువు కూడా ఆ లెక్కలోదే.

మీ స్టిక్కర్ మీద 1,500 ఉందనుకుందాం. పెద్ద ట్రక్కుకి సరిపోయే పాప్-అప్ షెల్ ఖాళీగానే 1,000 పౌండ్ల దగ్గర తూగొచ్చు. ఇద్దరు పెద్దవాళ్లకి 300 తీసేయండి. ఇక మిగిలింది 200. అమెరికన్ గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, అంటే 20 గ్యాలన్ల ట్యాంకు నింపితే 166. ఇక మంచం, ఫ్రిజ్, బ్యాటరీ, అల్మరాలు అన్నిటికీ కలిపి 34 పౌండ్లు! ముప్పావు అంగుళం ప్లైవుడ్ పెద్ద షీటు ఒక్కటే దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మీ మోడల్‌లో ప్రతి వస్తువుకీ రంగు ఇచ్చారు. బరువు కూడా రాసి, అడుగున మొత్తం వేసి చూడండి. అల్మరాల్లో సగం ఆ లెక్కతోనే పోతాయి. మిగిలిన బరువైన వస్తువులు కిందికి, వెనక ఇరుసుకి ముందువైపుకి రావాలి.

ఇంకో తప్పు కూడా మీ బొమ్మలో ఉంది. పైకప్పు లేపి ఉన్నప్పటి గదినే గీశారు. దించినప్పటి గదిని కూడా గీయండి. దారిలో ఆగి అన్నం తినాలన్నా, ఫ్రిజ్‌లోంచి పాలు తీయాలన్నా ఎక్కువసార్లు కప్పు దించే ఉంటుంది. అప్పుడు వెనక తలుపు దగ్గర నిలబడితే ఫ్రిజ్, మెయిన్ స్విచ్చు, ఫ్యూజ్ పెట్టె చేతికి అందాలి. కప్పులో బిగించే ఫ్యాన్ లోపలికి ఎన్ని అంగుళాలు దిగుతుందో కొలిచారా? సోలార్ ప్యానెల్ నుంచి వచ్చే తీగ కప్పుతో పాటు లేచి దిగుతుంది. వదులు ఉంచకపోతే నలిగిపోతుంది. కప్పు మీద పెట్టే ప్రతి ప్యానెల్ బరువునీ రోజూ సాయంత్రం మీరే ఎత్తాలి, అదీ గుర్తుంచుకోండి.

ఇక స్క్రీన్ సంగతి. చూడ్డానికి పెట్టుకోండి, నడపడానికి వద్దు. లైటుకీ, పంపుకీ, ఫ్యాన్‌కీ దేని స్విచ్చు దానికి ఉండాలి. నొక్కితే టక్కుమనే మామూలు స్విచ్చు. టచ్ స్క్రీన్ పాడైతే నీళ్లు కూడా రాని డిజైన్‌ని ఇంత ఖరీదు పెట్టి ఎందుకు కొంటున్నారో నాకు అర్థం కాదు. బ్యాటరీ, ఇన్వర్టర్, చార్జర్ అన్నీ ఒకే పెట్టెలో ఉండే పవర్ స్టేషన్లకీ ఇదే చెబుతాను. తీగలు కలపడం రానివాళ్లకి అవి మంచివే. కానీ లోపల ఏ ఒక్క భాగం చెడినా పెట్టె మొత్తం రిపేరుకి వెళ్తుంది, ఆ ప్రయాణంలో మీకు లైటు కూడా ఉండదు. తీసుకుంటే 12 వోల్టుల సాకెట్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడండి. చాలావాటిలో 10 దగ్గర ఆగిపోతుంది. ఫ్రిజ్‌ని మాత్రం ఇన్వర్టర్ మీద కాకుండా నేరుగా 12 వోల్టుల మీదే నడపండి.

స్క్రీన్ మీద పెట్టే డబ్బు రాగి మీద పెట్టండి. ఇంజిన్ దగ్గరి బ్యాటరీ నుంచి వెనక షెల్‌లోని బ్యాటరీ దాకా తీగ 20 అడుగులు అనుకుంటే రానుపోను 40 అడుగులు. 10 గేజ్ (గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావు) తీగలో 30 ఆంపియర్లు పంపితే 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. 12లో పదో వంతు! 4 గేజ్ తీగలో పోయేది 0.3 మాత్రమే. ఆ తీగకి రెండు చివర్లా ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే రెండు చివర్లా బ్యాటరీలే ఉన్నాయి. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు తోసేస్తుంది. అందుకే దాని పక్కనే క్లాస్-టీ ఫ్యూజు పెట్టమంటాను. మామూలు చవక ఫ్యూజు అంత కరెంటుని ఆపలేకపోవచ్చు.

ప్రశ్న (సాల్ట్ లేక్ సిటీ నుంచి): చలికాలం పొద్దున ఎండ బాగానే ఉన్నా లిథియం బ్యాటరీ చార్జ్ కావడం లేదు. లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. బ్యాటరీ పోయిందా?

పోలేదు, తనను తాను కాపాడుకుంటోంది. సున్నా డిగ్రీల కింద, అంటే 32 ఫారెన్‌హీట్ కింద, చార్జ్ చేస్తే లిథియం లోపలి ప్లేటు మీద లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ పూడదు. అందుకని లోపలుండే బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ చార్జింగ్‌ని ఆపేసి, వాడకాన్ని మాత్రం వదిలేస్తుంది. బ్యాటరీని బయట పెట్టెలో కాకుండా మీరు పడుకునే గదిలోకి తెచ్చుకోండి. చవక బ్యాటరీల్లో కొన్నిటికి ఈ రక్షణే ఉండదు, కొనేముందే చూసుకోవాలి.

ప్రశ్న (ఆస్టిన్ నుంచి): క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కవాళ్లు తమ బ్యాటరీ యాప్ తెరిస్తే జాబితాలో మా బ్యాటరీ కూడా కనిపించింది. నొక్కితే తెరుచుకుంది కూడా! ఇది మామూలేనా?

మామూలే. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

బ్లూటూత్ ఉన్న లిథియం బ్యాటరీల్లో చాలావాటికి పాస్‌వర్డ్ ఉండదు. ఉన్నా అన్నిటికీ ఫ్యాక్టరీలో పెట్టిన ఒకటే నంబరు ఉంటుంది. అదే యాప్ ఉన్నవాళ్లు ఎవరైనా దగ్గర్లో నిలబడి తెరవొచ్చు. మీ చార్జ్ ఎంతుందో చూడటంతో ఇది ఆగదు. కొన్ని మోడళ్లలో అవుట్‌పుట్‌ని ఆపేసే బటన్ కూడా అదే యాప్‌లో ఉంటుంది. రాత్రి 2 గంటలకి ఎవరో ఆకతాయి అది నొక్కితే మీ హీటర్ ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో మీకు తెలియదు. ఇంకొన్నిటిలో రక్షణ పరిమితుల్నే మార్చొచ్చు. పైన సాల్ట్ లేక్ సిటీ పాఠకుడి బ్యాటరీని కాపాడిన ఆ సున్నా డిగ్రీల హద్దుని, పూర్తిగా నిండాక చార్జింగ్ ఆపే వోల్టేజీని ఇంకొకరి ఫోన్ మార్చగలగడం అంటే మీటరు పెట్టెని వీధిలో తాళం లేకుండా వదిలేయడమే. ఒక నంబరు అడిగే పేజీ రాయడం ఇంజినీర్లకి ఎంత పని? అక్కర్లేదనుకున్నారు, అంతే.

రెండో సంగతి. లోపల ఎవరూ లేకపోయినా ఆ బ్యాటరీ తన పేరు గాల్లోకి చెబుతూనే ఉంటుంది. కొండ దారి మొదట్లో ట్రక్కు ఆపి మీరు రోజంతా నడవడానికి వెళ్తే, లోపల ఖరీదైన బ్యాటరీ ఉందని బ్లూటూత్ స్కానర్ ఉన్న ప్రతివాడికీ తెలుస్తుంది. దానికి ఇంటిపేరు, ఊరి పేరు పెట్టుకున్నవాళ్లు ముందు ఆ పేరు మార్చండి. మీ టైర్లు కూడా ఇంతే. గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు ఒక్కోటీ తన గుర్తింపు సంఖ్యని దాచకుండా ప్రసారం చేస్తాయని, 40 మీటర్ల దూరం నుంచి వినొచ్చని అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లోనే చూపించారు.

మూడోది యాప్ అడిగే అనుమతులు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఆ అవసరం పోయింది. అయినా బ్యాటరీ యాప్‌లు ఇంకా లొకేషన్ అడుగుతూనే ఉన్నాయి. 2023లో ఒక భద్రతా పరిశోధకుడు బాగా అమ్ముడయ్యే కారు బ్యాటరీ మానిటర్ యాప్‌ని విప్పి చూస్తే, అది వాడేవాళ్ల జీపీఎస్ స్థానాన్ని, చుట్టుపక్కల వైఫైల, సెల్ టవర్ల వివరాల్ని విదేశీ సర్వర్లకి పంపుతోందని తేలింది. వోల్టేజీ చూపించే వస్తువుకి మీరు ఎక్కడ పడుకున్నారో ఎందుకు?

మీరు చేయగలిగింది చెబుతాను. మాన్యువల్‌లో పాస్‌వర్డ్ మార్చే దారి ఉంటే ఈరోజే మార్చండి. బ్లూటూత్ ముక్క విడిగా తగిలించేదైతే ఊడదీసి డబ్బాలో పెట్టుకోండి, సెట్టింగులు చూడాల్సినప్పుడు తగిలించండి. రోజువారీ చార్జ్ తెలుసుకోవడానికి తీగతో కలిసే, సొంత డిస్‌ప్లే ఉన్న షంట్ మీటరు (బ్యాటరీలోకి వచ్చిపోయే కరెంటుని లెక్కపెట్టేది) గోడకి బిగించుకోండి. ఇంకా కొననివాళ్లు మాన్యువల్ ముందే దించుకుని పాస్‌వర్డ్ అన్న మాట కోసం వెతకండి. లేదంటే ఆ బ్యాటరీ వద్దు.

ఇక్కడే ఇంకో కోపం కూడా చెప్పాలి. ఇప్పుడు హీటర్‌కి అకౌంట్, ఫ్రిజ్‌కి అకౌంట్, ఫ్యాన్‌కి అకౌంట్. పాప్-అప్ క్యాంపర్ కొనేదే దూరంగా వెళ్లడానికి. పశ్చిమ రాష్ట్రాల్లో బీఎల్ఎమ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూసే భూముల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా డబ్బు కట్టకుండా ఉండొచ్చు, అక్కడ చాలాచోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. అలాంటి లోయలో లాగిన్ గడువు ముగిసిందని చెప్పే హీటర్‌ని ఏం చేసుకుంటాం? అప్‌డేట్ వేసుకోకపోతే ముందుకి కదలని యాప్‌లు కూడా ఉన్నాయి. ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రమే వేసి ప్రతి పరికరాన్నీ నడిపి చూడండి. నడవనిదాన్ని వెనక్కి ఇచ్చే గడువు లోపలే ఇచ్చేయండి. ప్రయాణానికి ముందురోజు ఏ అప్‌డేటూ వేయొద్దు.

ప్రశ్న (ఫీనిక్స్ నుంచి): క్యాంపర్‌లో డీజిల్ హీటర్, గ్యాస్ పొయ్యి పెడుతున్నాను. ఫోన్‌కి కలిసే ఎయిర్ క్వాలిటీ మానిటర్ ఇంట్లో ఉంది. అదే బిగిస్తే చాలదా? ఎలాగూ గోడలు గుడ్డవే కదా!

చాలదు. ఆ మానిటర్లలో ఎక్కువభాగం కొలిచేది కార్బన్ డయాక్సైడ్‌ని, దుమ్ముని. మనుషుల్ని నిద్రలో చంపేది కార్బన్ మోనాక్సైడ్. అది వేరే సెన్సర్. గుడ్డ గోడల ధీమా కూడా వద్దు, చలి పెరిగితే కిటికీల జిప్పులన్నీ మీరే మూసేస్తారు. ఆర్‌వీల (లోపల ఉండే వీలున్న బళ్ల) కోసం చేసిన, యూఎల్ 2034 అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనండి. అది ఫోన్‌తో పని లేకుండా తనంతట తానే గట్టిగా అరవాలి. గ్యాస్ లీకుకి ఇంకో అలారం ఉండాలి. దాన్ని నేలకి దగ్గరగా బిగించండి, ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి కిందే చేరుతుంది. హీటర్ పొగగొట్టం చివర కిటికీ కిందికి రాకుండా చూసుకోండి. అలారం వెనక గడువు తేదీ ఉంటుంది, దాటితే పారేసి కొత్తది తెచ్చుకోండి. ప్రతి ప్రయాణం ముందూ టెస్ట్ బటన్ నొక్కి, అది అరిచాకే బయల్దేరండి.