గవర్నర్ వైరు ముట్టకు, అల్లుడా

మిర్యాలగూడ

అల్లుడా,

నువ్వు పన్నెండు టైర్ల బండి కొంటున్నావని చెల్లె ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. మన ఇంట్లో అందరం ఇంకొకరి బండే తోలినవాళ్లం. ఆర్‌సీ మీద మనవాడి పేరు పడటం ఇదే మొదలు. అయితే కొన్నాక బండి స్పీడు దాటకుండా ఆపే గవర్నర్ డబ్బా తీయించేస్తానని నువ్వు అన్నట్టు కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. నిదానంగా చదువు.

ముందు చిన్న పనులు. ఆర్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాలు అసలువి చూడు. ఫైనాన్స్ బాకీ లేదని ఎన్‌ఓసీ తీసుకో. పాత చలాన్లు అమ్మేవాడితోనే కట్టించు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ ఖర్చు లెక్కలో పెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక గవర్నర్ సంగతి. 2015 అక్టోబర్ నుంచి తయారైన లారీలు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా కంపెనీలోనే బిగించి వస్తున్నాయి. ట్యాంకర్లకు, టిప్పర్లకు 60. చిట్యాల ధాబాల్లో కూర్చుంటే దీన్ని తిట్టని డ్రైవర్ కనిపించడు. కార్లను 100కు వదిలి మమ్మల్ని 80కి కట్టేశారు, వెనక నుంచి వచ్చి మీద పడుతున్నారు అంటారు. ఓవర్‌టేక్ సగంలో ఉండగా బండి చచ్చిపోతుందంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేది ఫిట్‌నెస్ రోజున మాత్రమే, బయటికి రాగానే మెకానిక్ విప్పేస్తాడు, దొరికితే మాత్రం డ్రైవర్‌నే నిలబెడతారు అంటారు. ఇవేవీ అబద్ధాలు కావు. తనిఖీ చేసేవాళ్లు గవర్నర్ విప్పమన్నది ఎవరు, తెల్లారేసరికి లోడు దిగాలని టైమ్ పెట్టింది ఎవరు అని అడగాలి. ఎవరూ అడగరు. నా కోపమంతా అక్కడే.

ఓవర్‌టేక్ సంగతి మాత్రం నువ్వే లెక్క వేసి చూడు. ముందు లారీ 75లో పోతోంది, నువ్వు 80లో దాటాలి. రెండు బండ్ల పొడవు, ముందూ వెనకా సందు కలిపితే వాడికంటే 50 మీటర్లు ఎక్కువ పోవాలి. దానికి 36 సెకన్లు పడుతుంది. అంతసేపట్లో నువ్వు 800 మీటర్లు పోతావు, ఎదురుగా వచ్చేవాడూ అంతే వస్తాడు. నకిరేకల్ నుంచి సాగర్ పోయే రోడ్డు మీద అంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? అక్కడ వాడి వెనకే పోవాలి. పైగా 2018లో కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీదే సరుకు బండికి 80. మామూలు రోడ్డు మీద 60. గవర్నర్‌కు ఈ తేడా తెలియదు. నువ్వు తెలుసుకోవాలి.

నా సోపతి డ్రైవర్ ఒకడుండేవాడు. మంచి చెయ్యి వాడిది, రివర్స్ పెడితే అందరం నిలబడి చూసేవాళ్లం. నోట్లు రద్దయిన తర్వాతి ఏడాది, 2017లో, ఒక ఓనర్ కొత్త బండి వాడి చేతికిచ్చాడు. నెల తిరగకముందే ఓనరే మెకానిక్‌ను పిలిపించి గవర్నర్ విప్పించాడు. వీడు పక్కనే నిలబడి ఉన్నాడు, వద్దనలేదు. ట్రిప్పుకు ఇంత ఎక్కువ ఇస్తానన్నాడట. వీడికి ఇద్దరు ఆడపిల్లల ఫీజులు కట్టాలి.

యాసంగి కోతలప్పుడు హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఎక్కించుకుని కోదాడ మీదుగా పట్నం పోతున్నాడు. రాత్రి. కేతేపల్లి దాటాక వడ్ల ట్రాక్టర్ ఒకటి పోతోంది. ట్రాలీ వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. కోతల కాలంలో మన దగ్గర సగం ట్రాక్టర్లు అట్లనే తిరుగుతాయి, ఇప్పటికీ. వీడు 100కు దగ్గరలో ఉన్నాడు. క్లీనర్ వైపు నుంచి గుద్దింది.

80లో ఉన్నా తగిలేదేమో. ట్రాక్టర్ వాడి తప్పు కూడా ఉంది. కానీ 80 నుంచి 100కు వెళితే వేగం పెరిగేది పావు వంతే, దెబ్బ బలం సగానికి పైగా పెరుగుతుంది. క్యాబిన్ అంత లోపలికి వెళ్లేది కాదు. క్లీనర్ పిల్లవాడికి పందొమ్మిదేళ్లు, మా పక్క ఊరి వాడే. నార్కట్‌పల్లి ఆసుపత్రిలో కాలు తీసేశారు. నేను వెళ్లేసరికి వాళ్లమ్మ వరండాలో వాడి చెప్పులు రెండూ పట్టుకుని కూర్చుని ఉంది.

అసలు కథ తర్వాత మొదలైంది. బండిని పరీక్ష చేస్తే గవర్నర్ విప్పినట్టు తేలింది. ఓనర్ కంపెనీ కాగితం చూపించాడు. నేను కొన్నప్పుడు ఉంది, డ్రైవరే తీసేసుకున్నాడు అన్నాడు. మెకానిక్ నాకేం తెలియదన్నాడు. వీడి దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు, సాక్ష్యం చెప్పేవాడు లేడు. ఏళ్ల తరబడి కోర్టుకు తిరిగాడు. ఉన్న ఎకరం అమ్మాడు. ఇప్పుడు స్టీరింగ్ పట్టడం లేదు.

ఆ ఓనర్ స్థానంలో రేపు నువ్వు ఉంటావు. బండి నీది కాబట్టి ఎవరూ బలవంతం చేయరనుకుంటున్నావేమో. చేస్తారు. బియ్యం లోడు ఎక్కించిన గంట నుంచి సరుకు పార్టీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. "చెన్నైకి పొద్దున ఆరింటికల్లా" అంటాడు. గవర్నర్ సీల్ ఉంటే నువ్వు ఒకటే మాట చెప్పవచ్చు: బండి 80 దాటదు, రాసుకోండి. విప్పేశాక ఆ మాట చెప్పలేవు. 400 కిలోమీటర్లు 100లో పోతే కాగితం మీద గంట మిగులుతుంది. టోల్ గేట్లు, ఊళ్లు, టీ పోను నిజంగా ఏమీ మిగలదు. మిగిలినా గోడౌన్ ముందు హమాలీలు వచ్చేదాకా కూర్చోవడమే.

ఇంకొకటి. గవర్నర్ డీజిల్ ఆపుతుంది, బ్రేక్ వేయదు. దిగుడులో లోడు బండి 80 దాటిపోతుంది, అప్పుడు ఆ డబ్బా ఏమీ చేయలేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలావో, కొడతాను. మన్ననూర్ మీదుగా శ్రీశైలం ఘాట్ దిగాల్సి వస్తే, దిగడం మొదలుపెట్టకముందే చిన్న గేర్‌లో వేయి, ఇంజిన్‌తోనే పట్టించు.

2013 అక్టోబర్ 30న కర్నూలు రోడ్డు మీద, కొత్తకోట దగ్గరి పాలెంలో బస్సు కల్వర్టుకు తగిలి కాలిపోయి 45 మంది పోయారు. అది నీకు గుర్తుండదు, చిన్నవాడివి. ఆ తర్వాత కర్నూలు లోడు ఎప్పుడు పడినా, కొత్తకోట దాటగానే నా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి దానంతటదే లేచేది. నీ పెళ్లి కాలేదు, చెల్లెకు నువ్వొక్కడివే. ఇంతకంటే రాయలేను.

అడ్వాన్స్ ఇంకా ఇవ్వకు. ఆదివారం రా, ఇద్దరం కలిసి బండి చూద్దాం. గవర్నర్ సీల్ ఉందో లేదో, లోపలి సెట్టింగ్ ఎవరైనా మార్చారో కంపెనీ వర్క్‌షాప్‌లో చూపిద్దాం. మార్చి ఉంటే ధర తగ్గించమని నేను మాట్లాడతాను. ఆ బేరం నాకు వదిలెయ్. మీ అమ్మకు భయంగా ఉందని నీతో చెప్పలేదు కానీ నాతో చెప్పింది. దానికి నేను సర్దిచెబుతాను. నువ్వు మాత్రం ఆ రోజు దాని ముందు స్పీడు గురించి ఒక్క మాట కూడా ఎత్తకు.

మీ మామ