తగ్గని నొప్పితో కొందరు కుంగిపోతారు, కొందరు నిలదొక్కుకుంటారు. ఎందుకు?

కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన మీ అమ్మగారు ఈ నొప్పితో ఎలా నిలదొక్కుకోవాలని అడిగారు.

మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అది ఎంత ఉందన్నదే కాదు, మనిషికి ఇష్టమైన ఏ పనికి అడ్డొస్తోందన్నదీ ముఖ్యమే. 'ముందు నొప్పి పోవాలి, తర్వాతే ఏదైనా' అనుకుంటే ధ్యాసంతా దాని మీదే ఉండి టెన్షన్ పెరుగుతుంది. లక్ష్యం ఉంచుకుని దారి మార్చుకున్నవాళ్లు నొప్పి ఉన్నా మెరుగ్గా నిలదొక్కుకుంటారు. వంగి మిరపకాయలు కోయలేని మనిషి కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరగలదు. కూలీ వస్తుంది, నలుగురితో మాటా ఉంటుంది.

కాస్త బాగున్న రోజున పనంతా మీదేసుకుంటే మర్నాడు మంచం దిగలేరు. నొప్పి పుట్టకముందే, గడియారం చూసి పని ఆపి లేవమనండి. బొత్తిగా కుదరని పని వదిలేయొచ్చు, కానీ ఆ చోటు ఖాళీగా ఉంచకూడదు. అమ్మగారికి ఏ పని చేయలేకపోవడం వెలితిగా ఉందో ముందు అడగండి. తాగడానికి, వంటకు ఫ్లోరైడ్ లేని నీళ్లే వాడండి.