ఒకే నాటు పెట్ట కింద 18 గుడ్లు పెట్టవచ్చా? వేసవిలో కోళ్ల గూడు ఎలా కట్టాలి?

గుంటూరులో ఏప్రిల్ ఎండల్లో మీ నాటు పెట్ట పొదుగుకు వచ్చింది. దాచిన 18 గుడ్లూ దాని కింద పెట్టవచ్చా, ఈలోగా రేకులతో కొత్త గూడు కట్టించవచ్చా అని మీ ప్రశ్న. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆరేళ్లుగా పెరట్లో నాటు కోళ్లు పెంచుతున్నాను. నేనైతే రెండూ వద్దంటాను.

నాటు పెట్ట రెక్కల కింద పది, పన్నెండు గుడ్లకు మించి ఇమడవు. పెట్ట రోజూ ముక్కుతో గుడ్లను దొర్లించి లోపలివి అంచుకు, అంచువి లోపలికి మారుస్తుంది. కాబట్టి ఎక్కువైన ఆరు మాత్రమే చెడిపోతాయనుకోవద్దు, వంతులవారీగా అన్నీ చల్లబడతాయి. నేను మొదటిసారి ఆశకు పోయి 16 పెడితే ఐదు పిల్లలు దక్కాయి. ఎండాకాలంలో నాలుగైదు రోజులలోపు పెట్టిన గుడ్లనే ఎంచుకోండి. అంతకన్నా పాతవాటిలో గది వేడికే పిండం కొంచెం కదలడం మొదలుపెట్టి, సరైన వెచ్చదనం అందక చచ్చిపోతుంది. గుడ్లు కడగవద్దు. ఏడో రాత్రి ఫోను టార్చి మీద గుడ్డు నిలబెట్టి చూడండి. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే పిండం ఉన్నట్టే. ఏమీ లేకుండా పసుపుగా వెలిగితే తీసేయండి. 18వ రోజు నుంచి పెట్ట జోలికి వెళ్లకండి. నేను మాత్రం ఆగలేక 20వ రోజున ఒకటి చెవి దగ్గర పెట్టుకున్నాను. పెంకు లోపల నుంచి సన్నగా కిచకిచ!

పెట్ట కాసేపు లేచిపోయిందని కంగారు పడకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మా పెట్ట 11 గుడ్ల మీద ఉంది, అప్పటికి 13వ రోజు. గంపతో సహా డాబా మీదికి మోశాం. అది బెదిరి నీళ్ల ట్యాంకు వెనక దూరింది. గుడ్లు చేతికి చల్లగా తగిలాయి. మా అత్తయ్య వాటి మీద పాత చీర కప్పి, పిడుగులకు గుడ్లు మురగకుండా గంపలో ఒక ఇనుప మేకు కూడా పెట్టింది. మూడు గంటల తర్వాత పెట్ట తనంతట తానే వచ్చి కూర్చుంది. ఒక రోజు ఆలస్యంగా ఏడు పిల్లలు వచ్చాయి. ఆ మేకు మహిమేనని అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

నేల మీదున్న పాత గూడు ఆ నీళ్లలోనే పోయింది. కొత్తది సిమెంటు దిమ్మెల మీద మూడడుగుల ఎత్తున కట్టించాను. బుడమేరుకు మూడడుగులు ఏ మూలకు? ఆ ఎత్తు పందికొక్కుల కోసం. పడమర వైపు మాత్రమే గోడ, మిగతా మూడు వైపులా అర అంగుళం కన్నాల గట్టి ఇనుప వల. పాత గూటికి పెద్ద కన్నాల వల ఉండేది. ఒక రాత్రి వలకు ఆనుకుని పడుకున్న రెండు పిల్లలను పిల్లి బయటి నుంచే గోళ్లతో లాగింది. ఇక రేకు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడి వదులుకోవాలి. వట్టి రేకు కింద మే నెల మధ్యాహ్నం గూడు కొలిమే. రేకు వేసినా పైన తాటాకు దట్టంగా పరవండి, ఎండ వైపు తడిపిన గోనెపట్టా వేలాడదీయండి. రాత్రి పడుకోవడానికి కోడికి రెండు చదరపు అడుగులు చాలు. కింద ఊక పొడిగా ఉండాలి. కళ్లు మండే వాసన వస్తే మార్చే సమయం దాటిపోయినట్టే.

కొక్కెర తెగులు టీకా మరవవద్దు. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా అనే ఆ టీకా కంట్లో చుక్క వేయించాలి. సీసాలో సాధారణంగా వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకే మా వీధిలో నాలుగిళ్ల వాళ్లం ఒకే రోజు వేయిస్తాం.

మీ 18లో తాజావి పది ఏరి ఈ రాత్రే, చీకటి పడ్డాక పెట్ట కింద పెట్టండి. మిగిలిన ఎనిమిదీ నీళ్లలో వేసి, తేలనివి పులుసు పెట్టుకోండి.