కాలువల నగరంలో కాలినడక: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో మావారూ నేనూ అక్కడికి వెళుతున్నాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో గైడు వెంట నడిచే టూరుకు డబ్బు కట్టడం అవసరమా? పడవ ఎక్కి కూర్చుంటే ఊరంతా కనిపిస్తుందని తెలిసినవారు అంటున్నారు. నాకు మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి.
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అమ్మా, డబ్బు కట్టి గైడుతోనే నడవండి, అదీ ఊరు చేరిన మర్నాడే నడవండి. పడవ షికారు బాగానే ఉంటుంది కానీ, అందులో ఇళ్ళను కింది నుంచి చూడాలి, నచ్చిన చోట ఆగే వీలుండదు, స్పీకరులో వచ్చే వ్యాఖ్యానాన్ని మనం ఎదురు ప్రశ్న అడగలేం. పడవను సాయంత్రానికి ఉంచుకోండి. జూన్‌లో అక్కడ రాత్రి పది గంటల వరకు వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర పడనక్కరలేదు.

కొత్తగా వెళ్ళినవారికి ఆ ఊళ్ళో ప్రతి కాలువా ఒకేలా, ప్రతి వంతెనా ఇందాక దాటినదానిలాగే కనిపించి దారి తప్పిపోవడం మామూలే. పాత నగరం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. లోపలి నుంచి బయటికి సింగెల్, హెరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే నాలుగు కాలువలు ఒకదాని వెలుపల ఒకటిగా చుట్టుకుని ఉంటాయి. వీటిలో సింగెల్ పాత కోట కందకం కాగా, మిగిలిన మూడింటి తవ్వకం 1613లో మొదలైంది. ఈ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ వరస ఒక్కటి మనసులో పడితే ఆ తరువాత మీరిద్దరే నిశ్చింతగా తిరగగలరు. ఇంటి గోడల్లో పొదిగిన చెక్కుడు రాళ్ళను కూడా మంచి గైడు చూపిస్తాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇళ్ళకు నంబర్లు వచ్చేదాకా, ఓడ బొమ్మ ఉన్న ఇల్లు, ఫలానా జంతువు బొమ్మ ఉన్న ఇల్లు అంటూ ఆ రాళ్ళే చిరునామాలుగా పనిచేశాయి.

ఉచిత టూరు అనే మాటను చూసి మోసపోకండి. చివర్లో ప్రతి ఒక్కరూ గైడు చేతిలో ఎంతో కొంత పెట్టాలన్నది అక్కడ అందరికీ తెలిసిన లెక్క. ఎలాగూ ఇచ్చేదే కాబట్టి, ముందే రుసుము చెప్పి తక్కువ మందిని తీసుకెళ్ళే టూరును ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. నగర కేంద్రంలో ఒక గైడు వెంట పదిహేను మందికి మించకూడదని, వేశ్యావాటిక అద్దాల కిటికీల ముందు నుంచి టూర్లు నడపకూడదని 2020 నుంచి నిబంధనలు ఉన్నాయి. అక్కడికి తీసుకెళతానని ఆశపెట్టే గైడుకు దూరంగా ఉండండి.

ఇక మోకాళ్ళ సంగతి. ఊరు పళ్ళెంలా చదునుగా ఉంటుంది, కైలాసగిరి లాంటి ఎక్కుడు ఎక్కడా ఉండదు. అయితే వంతెనలు నడుమ ఉబ్బి ఉంటాయి, దారులు ఇటుకరాళ్ళు పరిచినవి. నడక కంటే ఆగిన చోటల్లా నిలబడి వినడమే నొప్పి పెంచుతుంది కాబట్టి, బెంచీలున్న చోట ఆపమని గైడుకు మొదట్లోనే చెప్పండి. ఎర్రరంగు దారి కనిపిస్తే అది సైకిళ్ళదని గుర్తించి, ఫొటో కోసమైనా దానిమీద నిలబడవద్దు.

చాలా టూర్లు ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263వ నంబరు ఇంటి ముందు ఆగుతాయి. డైరీ రాసి పేరుపొందిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబంతో సహా ఎనిమిది మంది నాజీలకు చిక్కకుండా దాక్కున్న ఇల్లు అది. ఆ కుటుంబం 1942 జూలైలో అందులోకి చేరింది. 1944 ఆగస్టులో వారందరూ పట్టుబడ్డారు. గైడు బయట నిలబడి కథ చెబుతాడు తప్ప లోపలికి తీసుకెళ్ళడు. లోపలికి వెళ్ళాలంటే టికెట్ ఆన్‌లైన్‌లోనే కొనాలి, ఆరు వారాల తరువాతి తేదీల టికెట్లను ప్రతి మంగళవారం విడుదల చేస్తారు. అవి చాలా త్వరగా అయిపోతాయి కాబట్టి ఆ పని ఇప్పుడే మీ అబ్బాయికి అప్పగించండి. లోపలి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. మోకాళ్ళు సహకరించకపోతే పక్కనే ఉన్న వెస్టర్‌కెర్క్ చర్చి దగ్గర కూర్చోవచ్చు. ఆన్ తన డైరీలో రాసుకున్న గంటలు ఆ చర్చి గోపురానివే, చిత్రకారుడు రెంబ్రాంట్‌ను 1669లో ఖననం చేసిందీ అక్కడే.

ప్రశ్న: ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ళు ముందుకు ఒరిగి ఉన్న ఫొటోలు చూశాను. అవి కుంగిపోతున్నాయా? ఊరంతా కలప పైల్స్ మీద, అంటే నేలలోకి దిగేసిన దుంగల మీద నిలబడి ఉందంటారు. మా రేవులో ఉప్పునీటిలో కలప ఎంత త్వరగా పాడవుతుందో చూసినవాణ్ణి కాబట్టి నమ్మబుద్ధి కావడం లేదు.
— పోర్టులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజనీరు, మల్కాపురం

జవాబు: అయ్యా, ఆ ఫొటోల్లో రెండు రకాల వంపులు ఉన్నాయి. వీధివైపు ముందుకు వాలిన ఇళ్ళను చాలావరకు కావాలనే అలా కట్టారు. కాలువ ఒడ్డున స్థలాలు ఇరుకు, ఇంటి లోపలి మెట్లు మరీ ఇరుకు కావడంతో, వర్తకులు తమ సరుకును బయటి నుంచే తాడుతో పై అటకకు ఎక్కించేవారు. తలెత్తి చూస్తే దాదాపు ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికి ఒక ఇనుప కొక్కెం కనిపిస్తాయి. కొక్కేనికి కప్పీ తగిలించి మూట లాగినప్పుడు అది గోడకు, కిటికీలకు కొట్టుకోకుండా ఉండాలనే గోడను ముందుకు వాల్చారు. ఇల్లు మారేవారు సోఫాలను, బీరువాలను ఇప్పటికీ అలాగే కిటికీలోంచి లోపలికి లాగుతారు. పక్కకు ఒరిగి, పొరుగింటి భుజం మీద వాలినట్టున్న ఇళ్ళ సంగతి వేరు. వాటి కింద పైల్స్ కుంగాయి.

పైల్స్ మాట నిజమే. పదమూడో శతాబ్దంలో ఆమ్స్‌టెల్ నదికి కట్టిన ఆనకట్ట చుట్టూ పెరిగిన ఊరది. పైనంతా కుళ్ళిన వృక్షపదార్థంతో నిండిన మెత్తటి నేల, బంకమన్ను కావడం వల్ల, సుమారు పన్నెండు మీటర్ల లోతున ఉన్న ఇసుక పొర దాకా దేవదారు జాతి దుంగలను దిగేశారు. డామ్ చౌకులో 1648లో నగర సభాభవనంగా మొదలై నేడు రాజభవనంగా ఉన్న కట్టడం కింద 13,659 దుంగలు ఉన్నాయి. ఏడాదిలోని 365 రోజులకు ముందు ఒకటి, వెనుక తొమ్మిది చేర్చి అక్కడి పిల్లలు ఈ అంకెను గుర్తుపెట్టుకుంటారు.

మీ అనుమానానికి జవాబు నీటిమట్టంలో ఉంది. రేవులో కలపను తినేది సముద్రపు పురుగు. అది డచ్చివారిని కూడా వదలలేదు, 1730ల్లో వారి సముద్రపు కరకట్టల కలపను తొలిచి గగ్గోలు పుట్టించింది. ఇళ్ళ కింది దుంగలు మాత్రం భూమిలో, భూగర్భజల మట్టానికి దిగువన ఉంటాయి. అక్కడికి ఆ పురుగు రాదు, గాలి అందక బూజూ పట్టదు. అందుకే శతాబ్దాలు నిలిచాయి. ఎండలు ముదిరి భూగర్భజలం దిగితే, తేలిన తల దగ్గర కుళ్ళు మొదలవుతుంది. కాలువల నీటిమట్టాన్ని స్థిరంగా ఉంచడానికి అక్కడివారు అంత పట్టుబట్టేది ఇందుకే. కాలువ ఒడ్డు గోడలు కూడా పైల్స్ మీదే ఉన్నాయి కానీ, వాటిని గుర్రపుబండ్ల కాలంలో కట్టారు తప్ప లారీల కోసం కాదు. 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బుర్గ్‌వాల్ దగ్గర అలాంటి గోడ ఒకటి నీటిలోకి కూలింది. కొన్ని ఒడ్డుల వెంట ఉక్కు ఆధారాలు దిగేసి ఉండటం చూస్తే ఈ కారణం గుర్తుంచుకోండి.

మీరు వెళితే, టూరువారు చూపించకపోయినా, స్టోపేరా అనే నగర సభాభవనంలో నీళ్ళు నింపిన గాజు స్తంభాలను చూసి రండి. రెండింటిలో ఐమౌడెన్, ఫ్లిసింగెన్ తీరాల సముద్రమట్టం అప్పటికప్పుడు లేస్తూ దిగుతూ కనిపిస్తుంది. మూడోదానిలో 1953 నాటి వరద మట్టం నాలుగున్నర మీటర్ల ఎత్తున, మన తల పైన నిలిచి ఉంటుంది. ఆటుపోట్ల పట్టికలతో బతుకు గడిపినవారికి ఆ ఊళ్ళో అంతకు మించి చూడవలసినది లేదనే నేనంటాను.

ప్రశ్న: మా ఊళ్ళో డచ్చివారి సమాధులు ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ టూరులో మన తీరం జాడ ఏదైనా కనిపిస్తుందా?
— డిగ్రీ విద్యార్థిని, భీమునిపట్నం

జవాబు: కనిపిస్తుంది, కానీ అడిగితేనే చూపిస్తారు. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ ప్రధాన కార్యాలయ భవనం క్లోవెనియర్స్‌బుర్గ్‌వాల్ కాలువ దగ్గర ఇప్పటికీ ఉంది. నేడు దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాడుకుంటోంది. మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం స్థావరాల మీద అధికారం ఆ కంపెనీదే. ఇండోనేషియా దీవుల్లో మసాలా దినుసులు కొనడానికి అక్కడివారు కోరింది మన నూలుబట్టలనే. కాబట్టి కాలువ ఒడ్డున మేడలు లేపిన సొమ్ములో మన నేతగాళ్ళ, అద్దకంవాళ్ళ శ్రమకూ వాటా ఉంది. చాలా టూర్లు ఈ వైభవాన్ని వర్తకుల తెలివితేటలుగా చెప్పి ముగిస్తాయి. కరువు రోజుల్లో ఇదే తీరం నుంచి మనుషులను బానిసలుగా కొని ఓడల్లో తరలించిన సంగతి కూడా గైడును అడగండి. బానిస వ్యాపారంలో నగరం పాత్రకు ఆమ్‌స్టర్‌డామ్ మేయరు 2021 జూలై 1న క్షమాపణ చెప్పారు కనుక, అది అక్కడ అడగకూడని ప్రశ్నేమీ కాదు. 1824 నాటి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది భీమిలి ఆంగ్లేయుల పరమైంది. కంపెనీ దస్తావేజులు మాత్రం హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. చరిత్ర చదవాలనుకుంటే ఆ దారి కూడా ఆలోచించండి.

ప్రశ్న: మేము శాకాహారులం. నడక మధ్యలో తిండికి, మరుగుదొడ్లకు ఇబ్బంది అవుతుందా?
— ఒక దంపతులు, సీతమ్మధార

జవాబు: తిండికి ఇబ్బంది లేదు. అయితే సంప్రదాయ డచ్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన తోడు వాడతారు, ఆలూ వేపుళ్ళ మీద వేసే మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది, కాబట్టి రెండింటి గురించీ అడిగి తీసుకోండి. మరుగుదొడ్లకు చాలాచోట్ల డబ్బు చెల్లించాలి, వీధుల్లో ఉండే పాతవి మగవారికి మాత్రమే పనికివస్తాయి. టూరు మొదలయ్యే ముందు ఏదైనా కాఫీ హోటల్లో కూర్చుని పని ముగించుకుని బయలుదేరండి.